కుందేలు వచ్చిందా, వచ్చాడా? పిల్లల అనువాదాల్లో జంతువులకు ఏ సర్వనామం?

కృష్ణలంక చదువరి:
ఇంగ్లీషు కథలో ‘హీ’, ‘షీ’ అని ఉన్న జంతువును తెలుగులో ‘అది’ అంటే సరిపోతుందనే నా వాదన. చిన్నయసూరి బాలవ్యాకరణం పశుపక్ష్యాదుల్ని అమహత్తుల్లోనే, అంటే మగవాళ్ళను సూచించని మాటల్లోనే చేర్చింది. ‘తెల్లకుందేలు వచ్చాడు’ అని చదివితే విజయవాడలో ఏ పిల్లైనా అక్కడే ఆగి తప్పు దిద్దుతుంది.

బ్రాడీపేట అనువాదకురాలు:
అదే సూరి 1853 నాటి నీతిచంద్రిక తీసి చూడండి. కాకి ‘లఘుపతనకము’, పావురాల రాజు మాత్రం ‘చిత్రగ్రీవుడు’, ఎలుకల రాజు ‘హిరణ్యకుడు’. ఆయనకు ఇబ్బంది రాలేదు, ఎందుకంటే గ్రాంథికంలో ‘పలికెను’ అన్న క్రియ అతడికీ ఆమెకీ దానికీ ఒక్కటే. చిక్కంతా మన వ్యావహారికంతో వచ్చింది: మగవాడైతే ‘వచ్చాడు’, తక్కిన అందరికీ ‘వచ్చింది’.

అందుకే ‘షీ’ జంతువు తేలిక. 1952 నాటి ‘షార్లెట్స్ వెబ్’లో సాలీడు ఆడది, ‘షార్లెట్ గూడు అల్లింది’ అంటే సర్వనామమే అక్కర్లేదు. కావలసిన చోట ‘ఆమె’ అనండి. పేరూ ఊరూ ఉన్న పాత్రను ‘అది’ అంటే గుంటూరు చెవికి చనువో తిట్టో అవుతుంది. ‘హీ’ జంతువుతోనే తంటా, ప్రతి క్రియా మారాలి.

అచ్చుతప్పుల వేట:
ఇంగ్లీషు కూడా నిలకడగా లేదు. 1865 నాటి ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ మొదటి అధ్యాయంలో కుందేలు గడియారం తీసేటప్పుడు ‘ఇట్’. రెండో అధ్యాయంలో ముస్తాబై తిరిగొచ్చేసరికి ‘హీ’. రష్యన్ అనువాదంలోనైతే ‘జంగిల్ బుక్’లోని మగ చిరుత బఘీరా ఆడదైపోయింది, ఆ భాషలో చిరుతకు వాడిన ‘పంతెరా’ స్త్రీలింగం కాబట్టి.

మనకు పనికొచ్చే సూత్రం: వాక్యంలో కర్త ఏ మాటో క్రియ దాన్నే అనుసరిస్తుంది. ‘పీటర్ అనే కుందేలు గేటు కింద దూరింది’, కానీ ‘పీటర్ గేటు కింద దూరాడు’. ‘కుందేలు మామ వచ్చాడు’ చెవికి గుచ్చుకోదు, కర్త మామ కాబట్టి. అనువాదం మొదలుపెట్టకముందే ప్రతి పాత్రకూ పేరు, సర్వనామం, ఏకవచన క్రియ, బహువచన క్రియ, పిలుపు ఒక కాగితం మీద రాసుకోండి. లేకపోతే మూడో పేజీలో ‘అది’, పదో పేజీలో ‘వాడు’ అయి, రెండు కుందేళ్ళున్నాయేమో అనుకుంటారు పిల్లలు.

కృష్ణలంక చదువరి:
పేరున్న పాత్ర సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ మామ, బావ అతికించడం ప్రమాదం. మూలంలో ఆడో మగో చెప్పని జంతువు కూడా మగదైపోతుంది, అడవంతా మగవాళ్ళే మిగులుతారు. ఏడు చేపల కథ చూడండి: ‘చేపా చేపా ఎందుకు ఎండలేదు?’ పిలుపుతోనే కథంతా నడిచింది, లింగం గొడవే లేదు.

బ్రాడీపేట అనువాదకురాలు:
ఆ దారి సంభాషణలకు బాగుంటుంది, కథనానికి చాలదు. బహువచనం ఇంకా కష్టం: పీటర్, చెల్లెళ్ళు ‘వెళ్ళారు’ అనాలి; పేరులేని కుందేళ్ళు ‘వెళ్ళాయి’. మనిషీ జంతువూ ఒకే కర్తగా వస్తే ఏదీ కుదరదు. అక్కడ వాక్యం విరిచేయండి: ‘కుందేలు పరుగెత్తింది, వెనకే ఆలిస్.’