టెక్సాస్‌లో అరెస్టు రికార్డు చెరిపిస్తే వీసా ఫారంలో ఏం రాయాలి?

ప్రశ్న:
మా తమ్ముణ్ని డల్లాస్ దగ్గర ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయలేదని అరెస్టు చేశారు. డైవర్షన్ ప్రోగ్రాం (విచారణకు బదులు కోర్టు షరతులు పూర్తిచేసేది) పూర్తిచేశాక కేసు కొట్టేశారు. లాయరు ఇప్పుడు ఎక్స్‌పంక్షన్ (అరెస్టు రికార్డు చెరిపివేత) పిటిషన్ వేద్దామంటున్నారు. ఆర్డరొస్తే ఇక అరెస్టే జరగనట్టా? వాడికి నిద్ర లేదు. అమ్మకింకా చెప్పలేదు.

జవాబు 1:
అక్కా, నేనూ ఈ దారిలో నడిచినవాణ్నే. తప్పకుండా వేయించండి. జడ్జి సంతకం పెట్టాక పోలీసులు, జైలు, ప్రాసిక్యూటర్ ఆఫీసు తమ దగ్గరున్న ఫైళ్లు తీసెయ్యాలి. రాష్ట్ర డీపీఎస్ (ప్రజా భద్రతా శాఖ) ఎఫ్‌బీఐకి, తన దగ్గర డేటా కొనే ప్రైవేటు కంపెనీలకూ కబురు పంపుతుంది. మామూలు ఉద్యోగం అప్లికేషన్‌లో అరెస్టు లేదనే చెప్పొచ్చు, చట్టమే ఆ హక్కిస్తుంది.

కానీ ఇమిగ్రేషన్ దగ్గర ఇది చెల్లదు. వీసా ఫారం డీఎస్-160లో, పౌరసత్వం ఫారం ఎన్-400లో అరెస్టు గురించి అడిగితే ఉన్నదున్నట్టు రాయాల్సిందే. దాస్తే చిన్న కేసు కాస్తా అబద్ధం చెప్పిన కేసవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: పిటిషన్ వేసేముందే కోర్టు క్లర్కు దగ్గర డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. నేను నాలుగు తీసుకున్నాను. ఫైలు పోయాక వాటిని ఎవరూ ఇవ్వలేరు, కాన్సులేట్ వాళ్లేమో అవే అడుగుతారు.

జవాబు 2:
డైవర్షన్ వేరు, డిఫర్డ్ అడ్జుడికేషన్ (నేరం ఒప్పుకున్నా తీర్పు వాయిదా వేసి షరతుల మీద వదిలేయడం) వేరండీ. క్లాస్ సి (జరిమానాతో పోయే అతిచిన్న నేరం) కాకపోతే దానికి చెరిపివేత రాదు, నాన్‌డిస్‌క్లోజర్ (రికార్డు ఉంటుంది, బయటివాళ్లకు చూపరు) మాత్రమే. మీవాడిది ఏదో ఆర్డరు చదివి చూడండి. ఇమిగ్రేషన్ లాయరుతో విడిగా మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు:
సోమవారమే క్లర్కు ఆఫీసుకెళ్తాం తమ్ముడూ. అమ్మకు ఈ రాత్రే ఫోన్ చేస్తున్నాను.