అప్‌డేట్: సైట్ ఇంజినీర్లతో మా పిల్లల వాట్సాప్ గ్రూపు

రెండు నెలల క్రితం అడిగాను కదా, శ్రీకాకుళంలో మా సివిల్ డిప్లొమా పిల్లలకు పుస్తకం తప్ప పని తెలీదు, ఉద్యోగాల్లో ఉన్న ఇంజినీర్లతో గ్రూపు పెడితే పనికొస్తుందా అని. పెట్టాను. మా పాత విద్యార్థులు ఆరుగురు, పిల్లలు ముప్పైమంది.

మొదటి రెండు వారాలూ గుడ్ మార్నింగ్ బొమ్మలే. తలనొప్పి! మీలో ఒకరు చెప్పినట్టు, వారానికి ఒకే ప్రశ్న, అదీ పిల్లలే అడగాలి అన్నాక కదలిక వచ్చింది.

తడి కాంక్రీటును కోన్ అచ్చులో నింపి, అచ్చు పైకి ఎత్తేస్తే అది ఎంత కిందికి జారిందో ఆ కొలతే స్లంప్. దాని గురించి ఒకమ్మాయి అడిగింది: "స్లంప్ ఎక్కువొస్తే నీళ్లు ఎక్కువైనట్టేనా సార్?" విశాఖలో సైట్ చూసే మావాడు 300 మిల్లీమీటర్ల కోన్ ఎత్తే వీడియో పంపాడు. నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే ప్లాస్టిసైజర్ అనే మందు కలిపినా స్లంప్ పెరుగుతుందమ్మా, అసలు బలం అదే కాంక్రీటుతో పోసిన క్యూబులు (ఘనాకారపు దిమ్మెలు) 28 రోజులకు పగలగొడితే తెలుస్తుంది అన్నాడు. నేను ఏళ్లుగా చెప్పే పాఠమే. నా నోట వింటే మాత్రం ఆవలింతలు!

అడిగేది ఏడెనిమిది మందే. మిగతావాళ్లు "ఇంగ్లీషు రాదు సార్, సిగ్గు" అని నాకు విడిగా పెడుతున్నారు. తెలుగులోనే, వాయిస్‌లో అడగమన్నాను. వచ్చే నెల హిరమండలం దగ్గర వంశధార మీది గొట్టా బ్యారేజీకి తీసుకెళ్తున్నాం. ఆరుగురిలో ఒకతను వస్తానన్నాడు.