పాత ఫ్యాక్టరీ స్థలంలో కడుతున్న ఇళ్లకి అమ్మ పేరు రాయించవచ్చా?

ప్రశ్న

మా పక్క వీధిలో మూతపడిన ప్లేటింగ్ (లోహపు వస్తువులకి పూత వేసే) ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లు కడుతున్నారు. కింది అంతస్తు అరవై దాటినవాళ్లకి, పై అంతస్తులు తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి. బస్సు గుమ్మం ముందే ఆగుతుంది, ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మా అమ్మకి ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. కానీ ఆ నేలలో రసాయనాలు ఇంకాయని అందరికీ తెలుసు. అడిగితే "మట్టి తీసేశాం, శుభ్రం చేశాం" అని ఒక్క పేజీ కాగితం చూపించారు. దరఖాస్తు గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఏం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1

వద్దండి. అమెరికాలో లవ్ కెనాల్ సంగతి చూడండి. రసాయన వ్యర్థాలు పూడ్చిన స్థలాన్ని హుకర్ కెమికల్ కంపెనీ 1953లో ఒక్క డాలరుకి స్కూలు బోర్డుకి ఇచ్చేసింది. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది.

జవాబు 2

ఇలాంటి స్థలాల్లో మట్టి, నీరు పరీక్షించడమే నా పని. లవ్ కెనాల్‌లో వ్యర్థాలను తీయనే లేదు, పైన కప్పిన మట్టిని కూడా తవ్వేశారు. శ్రద్ధగా శుభ్రం చేసిన చోట ఇళ్లు కట్టుకోవచ్చు. పెద్దవాళ్లకి ఊరి మధ్యలో, తక్కువ అద్దెకి చోటు దొరికేది తరచుగా ఇలాంటి స్థలాల్లోనే. అందుకే భయపడి వదిలేయకండి, అలాగని ఆ ఒక్క పేజీ చూసి సరేననకండి.

"శుభ్రం" అంటే దేనికి సరిపడా శుభ్రం? నేలలో రసాయనం ఎంత వరకు మిగిలి ఉండొచ్చన్న దానికి ఫ్యాక్టరీకి ఒక పరిమితి, ఇంటికి ఇంకొకటి ఉంటాయి. అమెరికా పర్యావరణ సంస్థ లెక్కలో పనివాళ్లు ఏడాదికి 250 రోజులు, రోజుకి 8 గంటలు ఆ చోట ఉంటారు. ఇంట్లోవాళ్లకైతే 350 రోజులు, రోజంతా. మీ అమ్మగారు పగలంతా ఇంట్లోనే ఉంటారు, పై అంతస్తుల్లో పాకే పిల్లలుంటారు. ఇంటి పరిమితే కావాలని పట్టుబట్టండి.

ప్లేటింగ్ అనగానే అందరూ పూతకి వాడే క్రోమియం గురించి అడుగుతారు. నాకు అంతకంటే కంగారు పెట్టేది, లోహం మీద జిడ్డు వదిలించడానికి వాడే ట్రైక్లోరోఇథిలిన్. క్యాన్సర్ తెచ్చే రసాయనం. నీటికంటే బరువైనది కాబట్టి భూగర్భజలం అడుగుకి దిగిపోతుంది. పై మట్టి తవ్వి తీసుకెళ్లినా కింద మిగిలినది ఆవిరై లేచి, ఇంటి అడుగున నేల మీద వేసే శ్లాబు పగుళ్లలోంచి, పైపులు నేలలోకి దిగే సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. వాసన తెలియకపోయినా ఉండొచ్చు. అది ముందు చేరేది కింది అంతస్తుకే, అంటే పెద్దవాళ్ల గదుల్లోకే.

శ్లాబు కట్టే చోట నేలలోని గాలి నమూనాలు తీశారా, వేర్వేరు కాలాల్లో తీశారా అని అడగండి. చలికి కిటికీలు మూసి లోపల వెచ్చగా ఉంచినప్పుడు ఇల్లు నేలలోని గాలిని ఎక్కువగా లాగుతుంది. ఒక్కసారి తీసిన నమూనా చాలదు.

దీనికి మందు ఉంది. శ్లాబు కింద కంకర, అందులో చిల్లుల పైపులు, పైన ఆవిరిని ఆపే షీటు వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని డాబా పైకి పంపేస్తారు. కట్టేటప్పుడే పెడితే తేలిక. పైపుకి యు ఆకారంలో చిన్న గొట్టం, అందులో రంగు ద్రవం ఉంటుంది. రెండు వైపులా ద్రవం ఒకే ఎత్తులో ఉంటే ఫ్యాన్ లాగడం లేదని అర్థం. అది ఎక్కడ పెడతారో, ఎవరు చూస్తారో అడగండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. అమ్మకి కూరగాయలు పెంచుకోవడం ఇష్టం. అక్కడ కుదురుతుందా?

జవాబు 3

శుభ్రమైన మట్టి నింపిన ఎత్తు మడుల్లో కుదురుతుందండి. అడుగున కింది మట్టి తగలకుండా అడ్డు ఉండాలి. అవి నడుమెత్తు ఉంటే అమ్మగారు వంగే పని కూడా ఉండదు. నేలను మాత్రం తవ్వకూడదు.

నేను ఇలాంటి ఇళ్ల నిర్వహణ చూస్తాను. అద్దె తక్కువ కాబట్టి డబ్బు చాలనప్పుడు ముందు కోత పడేది నిర్వహణకే. ఫ్యాన్ కరెంటుకి, మరమ్మతులకి, ఏటా చేసే పరీక్షలకి విడిగా నిధి పెట్టారా? యజమాని మారితే ఆ బాధ్యత కొత్తవాళ్ల మీద పడేలా దస్తావేజులో ఉందా? లవ్ కెనాల్ దస్తావేజులో వ్యర్థాలున్నాయన్న హెచ్చరిక ఉంది, అయినా జరగాల్సింది జరిగింది. కాబట్టి రాసి ఉంటే చాలదు, ఏటా తనిఖీ చేసే శాఖ ఏదో కూడా కనుక్కోండి.

గడువు దాటనివ్వకండి. పేరు రాయించండి, పూర్తి పరీక్ష రిపోర్టు కావాలని అదే రోజు ఉత్తరం ఇవ్వండి. తాళాలు ఇచ్చేలోపు వాళ్లు అది చూపించకపోతే అప్పుడు వద్దనొచ్చు.