ఇరవై రెండేళ్లు ఆడిన చదరంగం మీద మనసు విరిగింది, ఏం చేయాలి?

తెల్లబంటు:
తొమ్మిదో ఏట మా నాన్న దగ్గర చదరంగం నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు ముప్పై ఒకటి. మొదట్లో టోర్నమెంట్లకు వెళ్లేవాణ్ణి. పదేళ్లుగా ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే, అదీ మూడేసి నిమిషాల ఆటలు.

ఏడాదిగా నా రాత్రులు ఇలా గడుస్తున్నాయి. పడుకునే ముందు ఒక్క ఆట అనుకుని మొదలుపెడతాను. ఓడిపోతే పోయిన పాయింట్లు రాబట్టుకోవాలని ఇంకొకటి, తరువాత ఇంకొకటి. గెలిచిన రాత్రి కూడా ఆనందం ఉండదు. పాయింట్లు పోలేదన్న ఊరట ఒక్కటే.

పోయిన నెలలో ఒక ప్రత్యర్థి తన ఏనుగును బలి ఇచ్చి నాకు ఆటకట్టించాడు. ఎంతో అందమైన ఎత్తు. ఒకప్పుడైతే బోర్డు తీసి, ఆ ఎత్తును అటూ ఇటూ తిప్పి పది సార్లు చూసేవాణ్ణి. ఆ రాత్రి నా కళ్లు నేరుగా రేటింగ్ మీదికి, అంటే నా ఆట బలాన్ని చూపే అంకె మీదికి వెళ్లాయి. తొమ్మిది పాయింట్లు తగ్గింది. ఆ ఎత్తు అందమైనదని మరునాడు స్నానం చేస్తుండగా గాని తట్టలేదు. అప్పుడు భయం వేసింది.

మానేద్దామంటే, చదరంగం తీసేస్తే నాలో ఏం మిగులుతుందో తెలియడం లేదు. నా స్నేహితులంతా ఆటలో పరిచయమైనవారే. వేరే ఇష్టం వెతుక్కుందామని నీటిరంగుల పెట్టె కొన్నాను. వారం తిరక్కుండానే నిన్నటి బొమ్మ కంటే ఇవాళ్టిది ఎంత మెరుగుపడిందో లెక్క కట్టడం మొదలుపెట్టాను. ఈ దశ దాటినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

నిదానం:
ముందుగా ఒక ప్రశ్న అండీ. ఆసక్తి పోయింది చదరంగం మీదేనా, అన్నింటి మీదా? రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దేని మీదా మనసు లేకుండా ఉండి, నిద్రా ఆకలీ కూడా దెబ్బతింటే అది కుంగుబాటు కావచ్చు. అదే అయితే మొదట డాక్టరును కలవండి, అభిరుచుల సంగతి తరువాత చూసుకోవచ్చు. నేను ఆలస్యం చేసినందువల్ల అడుగుతున్నాను.

ఆర్ద్ర:
నాది పరుగు. పదహారేళ్లు పరుగెత్తాను. మోకాలి నొప్పి ఒక కారణమే గాని, ఇష్టం అంతకు ముందే పోయింది. ఒప్పుకోవడానికి ధైర్యం చాలలేదు.

2020 జనవరిలో ఒక సాయంత్రం పరుగు మధ్యలో ఆగి తల ఎత్తాను. ఓరియన్ నక్షత్ర మండలంలో భుజం దగ్గర ఎర్రగా వెలిగే ఆర్ద్ర నక్షత్రం మసకగా ఉంది. పక్కనే ఉన్న రోహిణి దానికంటే కాంతిగా కనిపించింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా చూడలేదు. ఇంటికి వచ్చి చదివితే, అది నిజంగానే కాంతి తగ్గుతోందని, ప్రపంచమంతా గమనిస్తోందని తెలిసింది. నక్షత్రం చిమ్మిన పదార్థం చల్లబడి ధూళిగా మారి కాంతికి అడ్డు వచ్చిందని ఖగోళ శాస్త్రవేత్తలు తరువాత వివరించారు. ఆ ధూళి కంటే నన్ను కదిలించింది ఇంకొకటి ఉంది: ఏ పరికరమూ లేకుండా, పక్క నక్షత్రాలతో పోల్చి చూసి, ఆ మార్పును నా కళ్లతో నేను పట్టుకోగలిగాను.

పరుగుకు మళ్లీ వెళ్లలేదు. సాయంత్రం చీకట్లో ఒంటరిగా ఉండటమే నాకు మొదటి నుంచీ నచ్చిందని, పరుగు దానికొక సాకు అయిందని ఇప్పుడు తెలుస్తోంది. మీకూ చదరంగంలో ఏ ముక్క నచ్చిందో చూసుకోండి. పాత ఇష్టం తిరిగి రాకపోవచ్చు కూడా. నాకు రాలేదు, దాని గురించి బాధ కూడా లేదు.

పాతగడి:
నేనూ టోర్నమెంట్లు ఆడి విసిగినవాణ్ణే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను.

రేటింగ్ లెక్కను ఆర్పాడ్ ఎలో తయారుచేశారు, 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య స్వీకరించింది. ఆటగాళ్ల బలాన్ని అంచనా వేయడానికి అది మంచి గణితం. కానీ ఆన్‌లైన్‌లో మిమ్మల్ని ఎప్పుడూ మీ బలానికి సరితూగే వారితోనే జత చేస్తారు. మీరు ఎంత ఎదిగినా ప్రత్యర్థులూ ఎదుగుతారు, సుమారు సగం ఆటలు ఓడటం తప్పదు. ఆనందాన్ని ఆ అంకెకు కట్టేస్తే, సగం రాత్రులు చేదుగా ముగియాలని మీరే ఏర్పాటు చేసుకున్నట్టు.

1973లో అమెరికాలో ముగ్గురు మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్న పిల్లల్లో కొందరికి, వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఆ తరువాత ఏ బహుమతీ లేని రోజుల్లో ఆ పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలు వేశారు. ముందు చెప్పకుండా ప్రశంసాపత్రం ఇచ్చిన పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. మీ నీటిరంగుల సంగతి చదవగానే ఇదే గుర్తొచ్చింది.

అప్పటి ప్రపంచ చదరంగ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ 2022లో ప్రపంచ టైటిల్ కోసం ఇక ఆడనని, ఆ పోటీ మీద తనకు ఉత్సాహం లేదని ప్రకటించాడు. చదరంగం మాత్రం మానలేదు. ఆటనూ, ఆట చుట్టూ పేరుకున్న దాన్నీ విడదీయవచ్చు.

మీ ఉత్తరంలో నాకు కనిపించిందల్లా ఆ ఏనుగు బలి. కాబట్టి ఒక పని చేయండి. నిజమైన బోర్డు మీద చదరంగ ఆటగాడు రిచర్డ్ రేటి 1921లో కూర్చిన ఈ సమస్యను పెట్టండి (అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను చెబుతుంది): తెల్ల రాజు హెచ్8, తెల్ల బంటు సీ6. నల్ల రాజు ఏ6, నల్ల బంటు హెచ్5. ఎత్తు తెలుపుది, డ్రా చేయాలి. చూడగానే అసాధ్యం అనిపిస్తుంది. జవాబు చెప్పను. రాజు మూలవాటుగా నడిచినా నిలువుగా నడిచినా అన్నే ఎత్తులు పడతాయని మాత్రం గుర్తు పెట్టుకోండి. గడియారం పెట్టకండి.

తెల్లబంటు:
అందరికీ ధన్యవాదాలు. నిదానం గారూ, ఆకలి బాగానే ఉంది, మిగతా పనుల మీద మనసు నిలుస్తోంది. నిద్ర మాత్రం పాడైంది, అది ఆటల వల్లే. ఫోనులోంచి ఆట తీసేశాను. నిద్ర కుదుటపడకపోతే డాక్టరును కలుస్తాను.

పాతగడి గారూ, రేటి సమస్యతో రెండు సాయంత్రాలు కూర్చున్నాను. మొదటి రోజు రాజును నల్ల బంటు వెనక నిలువుగా పరుగెత్తించి ఓడిపోతూనే ఉన్నాను. రెండో రోజు మూలవాటుగా నడిపాను. మూడో ఎత్తుకు రాజు 'ఈ5' గడిలోకి వస్తాడు. అక్కడి నుంచి ఒకవైపు తన బంటును చేరుకోవచ్చు, ఇంకోవైపు నల్ల బంటును పట్టుకోవచ్చు. నలుపు రెండింటినీ ఆపలేదు. అది కనబడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎన్నాళ్లకో అలా జరిగింది.

మరునాడు నాన్నకు చూపించాను. ఆయనకు రేటింగులూ పాయింట్లూ ఏవీ తెలియవు. నేను వేసిన ఎత్తులను ఒక్కొక్కటిగా వెనక్కి తీసి, పావులను మళ్లీ మొదటి చోట్లలో పెట్టి, "నల్ల బంటు ఒక గడి వెనక ఉంటే ఏమవుతుందిరా?" అని అడిగారు. ఆదివారం నుంచి మేమిద్దరం ఆ గడి దగ్గరే ఉన్నాం.