గ్రోనర్ గురించి తెలిసినవారు కాస్త చెప్పగలరా?

డిగ్రీ విద్యార్థులకు వైమార్ జర్మనీ (1918–33 నాటి జర్మన్ రిపబ్లిక్) పాఠం చెప్పాలి. విల్హెల్మ్ గ్రోనర్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం రైళ్లన్నీ నడిపించిన అధికారి ఈయన. 1918 అక్టోబరులో, అప్పటిదాకా సైన్యాన్ని నడిపించిన జనరల్ లూడెన్‌డార్ఫ్ స్థానంలోకి వచ్చాడు. నవంబరు 9న, సైన్యం ఇక మీ వెంట లేదని జర్మన్ చక్రవర్తి కైజర్ ముఖం మీదే చెప్పాడు. ఎంత గుండె ధైర్యం కావాలి! మర్నాడే సోషల్ డెమోక్రాట్ నాయకుడు ఎబెర్ట్‌తో, కొత్త ప్రభుత్వానికి సైన్యం అండగా ఉండేలా ఒప్పందానికి వచ్చాడు. తర్వాత రవాణా మంత్రి, 1928 నుంచి రక్షణ మంత్రి. 1931లో హోం శాఖ కూడా ఆయన చేతికే వచ్చింది. 1932 ఏప్రిల్‌లో నాజీల ప్రైవేటు సైన్యం లాంటి ఎస్.ఎ. దళాన్ని నిషేధించాడు. మే నెలలోనే రక్షణ శాఖ వదులుకోవాల్సి వచ్చింది. ఆయన్ని కూలదోసినవాడు, ఆయనే చేరదీసి పైకి తెచ్చిన సైన్యాధికారి ష్లైషర్. ఇది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

నా సందేహం ఇది. ఎబెర్ట్‌తో చేయి కలిపింది రిపబ్లిక్ మీద నమ్మకంతోనా, లేక సైన్యాన్ని కాపాడుకోవడానికేనా? రెండోదే అనిపిస్తోంది, కానీ ఎస్.ఎ. నిషేధం చూస్తే మళ్లీ అనుమానం. వచ్చే వారమే క్లాసు, టెన్షన్‌గా ఉంది. ఈ కాలం బాగా చదివినవారు దయచేసి వివరించండి. ‘రైష్‌వేర్’ (వైమార్ కాలపు జర్మన్ సైన్యం)ను తెలుగులో ఏమనాలో కూడా చెప్పండి.