క్యాటరింగ్‌కి ఏ వ్యాను కొనాలి: పాత అమెరికా రకమా, యూరప్ రకమా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. అక్క స్పాన్సర్ చేసిన గ్రీన్ కార్డు మీద రెండు నెలల కిందట విజయవాడ నుంచి డాలస్ వచ్చాం. అక్కడ పన్నెండేళ్లు పెళ్లిళ్లకు వంటలు చేశాను. ఇక్కడ ఇర్వింగ్‌లో ఒక కమర్షియల్ కిచెన్ అద్దెకు తీసుకుని క్యాటరింగ్ మొదలుపెడుతున్నాం. సామాను మోయడానికి వ్యాను కావాలి. బావగారు పాత షెవీ ఎక్స్‌ప్రెస్ ఒకటి చూపించారు, ధర తక్కువే. తెలిసినవాళ్లేమో ఫోర్డ్ ట్రాన్సిట్ హై రూఫ్ కొనమంటున్నారు, అది దాదాపు రెట్టింపు ధర. నేను టాటా ఏస్ తప్ప ఇంకేదీ నడపలేదు. ఏది కొనాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు:

తమ్ముడూ, ముందు మీకు స్వాగతం. పద్నాలుగేళ్లుగా ఇక్కడ ఇదే పని చేస్తున్నాను. రెండు రకాల బండ్లూ వాడాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

పాత అమెరికా రకం అంటే షెవీ ఎక్స్‌ప్రెస్, దాని కవల జీఎంసీ సవానా, ఫోర్డ్ ఈకనోలైన్. ఈకనోలైన్ కార్గో వ్యాను 2014తో ఆగిపోయింది, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. ఎక్స్‌ప్రెస్ 1996 మోడల్‌గా వచ్చినప్పుడు ఎలా ఉందో, పెద్దగా మార్పు లేకుండా అలాగే నడుస్తోంది. పొడుగు ముక్కు, లారీకి ఉన్నట్టు కింద గట్టి ఛాసిస్, పైన పొట్టి కప్పు.

యూరప్ రకం ఎలా ఉంటుందో తెలియాలంటే మన టెంపో ట్రావెలర్‌ని గుర్తు తెచ్చుకోండి. తిరుపతికి కుటుంబమంతా కలిసి వెళ్లే బండి. పుణెలోని ఫోర్స్ మోటార్స్ దాన్ని మెర్సిడెస్ వారి పాత వ్యాను డిజైన్ మీద కట్టింది. ఆ పాత వ్యాను స్థానంలో మెర్సిడెస్ తెచ్చిందే స్ప్రింటర్. పొట్టి ముక్కు, నిలువు గోడలు, ఎత్తైన కప్పు. స్ప్రింటర్ 2001లో అమెరికాకు వచ్చింది. ఫియట్ డుకాటో నుంచి తీసిన ర్యామ్ ప్రోమాస్టర్ 2014 మోడల్‌గా, ఫోర్డ్ ట్రాన్సిట్ 2015 మోడల్‌గా వచ్చాయి.

యూరప్‌లో అందరూ వాడే బండ్లు ఇక్కడికి ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చాయని నాకూ అనిపించేది. అందుకు ఒక కారణం కోళ్లు. 1960ల మొదట్లో యూరప్ దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచితే, జవాబుగా అమెరికా బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. 1964 నుంచి అది అలాగే ఉంది. కార్గో వ్యాన్లూ దాని కిందికే వస్తాయి. ఆ సుంకం తప్పించుకోవడానికి స్ప్రింటర్ కార్గో వ్యాన్లను జర్మనీలో తయారుచేసి, మళ్లీ విడదీసి ఓడలో తెచ్చి, సౌత్ కరోలినాలో బిగించేవారు. 2018 నుంచి అక్కడే పూర్తిగా తయారుచేయడం మొదలుపెట్టారు. ట్రాన్సిట్ ఇక్కడే, మిస్సోరీలో తయారవుతుంది.

ఇక మీ పని సంగతి. నన్నడిగితే ధర తర్వాత చూడండి. రోజుకు ఎన్నిసార్లు బండిలోకి ఎక్కి దిగుతారో ముందు లెక్కపెట్టండి. ఎక్స్‌ప్రెస్ లోపలి ఎత్తు సుమారు 53 అంగుళాలు, అంటే నాలుగున్నర అడుగులు కూడా లేదు. పదేళ్ల పిల్లవాడికే తల తగులుతుంది. ట్రాన్సిట్ హై రూఫ్‌లో ఆరున్నర అడుగుల పైనే ఉంటుంది, మీడియం రూఫ్‌లో ఆరడుగులు.

నా మొదటి బండి పాత రకమే, చవకగా దొరికిందని కొన్నాను. సాంబారు గుండిగను బండి లోపల నుంచి గుమ్మం దాకా మోకాళ్ల మీద కూర్చుని లాగేవాణ్ని. వంగి బరువు లాగడం ఎంత చెడ్డదో అప్పుడు తెలియలేదు. మూడో ఏడాది కార్తీక మాసంలో, ఆర్డర్లు ఊపిరి సలపకుండా ఉన్నప్పుడు నడుము పట్టేసింది. ఆరు వారాలు మంచం మీదే. ఒప్పుకున్న పెళ్లి వంటలు రెండు వేరేవాళ్లకు అప్పగించాల్సి వచ్చింది. మిగుల్చుకున్నాననుకున్న డబ్బు ఫిజియోథెరపీకే పోయింది. మీ వయసెంతో నాకు తెలియదు గానీ, ఈ దేశంలో మన పనికి పెట్టుబడి మన ఒళ్లే. దాన్ని మొదటి ఏడాదే అరగదీసుకోకండి.

నేల ఎత్తు కూడా చూడండి. ప్రోమాస్టర్ ముందు చక్రాలతో నడుస్తుంది, వెనక ఇరుసుకు తిరిగే రాడ్డు లేదు. అందుకే దాని నేల రోడ్డు నుంచి 21 అంగుళాలే. మిగతా వాటిలో ఇంకో ఆరేడు అంగుళాలు ఎక్కువ. అరవై లీటర్ల గుండిగను ఇద్దరు పట్టుకుని ఎత్తేటప్పుడు ఆ ఆరేడు అంగుళాల విలువ చేతులకు తెలుస్తుంది.

బరువు లెక్క రాసుకోండి. నాలుగు వందల మంది భోజనమంటే వంటకాలు, గుండిగలు, హాట్ బాక్సులు, నీళ్ల సీసాల కేసులు, మడత బల్లలు, మీతో పాటు ఇద్దరు మనుషులు అన్నీ కలిపి 900 కిలోల దాకా, అంటే సుమారు 2,000 పౌండ్లు అవుతుంది. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో రాసిన స్టిక్కరు ఉంటుంది. ఆ అంకెను దాటొద్దు. టాటా ఏస్ మీద మనం వేసే లోడు ఇక్కడ వేస్తే పోలీసుల సంగతి అటుంచి, బ్రేకు పడదు.

ఏ బండి కొన్నా సీట్ల వెనక ఇనుప పార్టిషన్ పెట్టించండి. ఒకసారి ఫ్రిస్కోలో హనుమంతుడి గుడికి ప్రసాదం పట్టుకెళ్తుంటే ముందు కారు హఠాత్తుగా ఆగింది. వెనక పులిహోర బాక్సులు సీటు దాకా దూసుకొచ్చాయి. పార్టిషన్ ఉంది కాబట్టి నా పక్కన కూర్చున్న మా అబ్బాయికి దెబ్బ తగల్లేదు. ఆ రోజు నుంచి ప్రతి గుండిగకూ బెల్టు కట్టందే బండి తీయను.

హై రూఫ్‌తో ఇబ్బందులూ చెప్పాలి. బయటి నుంచి కొలిస్తే తొమ్మిది అడుగుల పైమాటే. ఒక హోటల్ రిసెప్షన్‌కి వెళ్లి, ఏడడుగులని బోర్డు ఉన్న గ్యారేజీలోకి తిప్పబోయి చివరి క్షణంలో ఆపాను. వెనక కార్ల వరుస. అందరూ వెనక్కి జరిగే దాకా చెమటలు పట్టాయి. ఆర్డరు తీసుకునేటప్పుడే లోడింగ్ డాక్ ఎక్కడుందో అడిగి పెట్టుకోండి. ఐ-35 హైవే మీద గాలి గట్టిగా వీచే రోజుల్లో బండి పక్కకు తోస్తుంది, నెమ్మదిగా వెళ్లాలి. మీ అపార్ట్‌మెంట్‌లో వ్యాను పెట్టనిస్తారో లేదో లీజు కాగితం కూడా ఒకసారి చూసుకోండి.

ఇన్సూరెన్స్ విషయంలో పొరపాటు చేయకండి. మామూలు కారు పాలసీ వ్యాపారానికి పనికిరాదు, కమర్షియల్ ఆటో పాలసీ తీసుకోవాలి. ఇక్కడి డ్రైవింగ్ చరిత్ర లేదు కాబట్టి మీకు మొదట్లో ఎక్కువే పడుతుంది. బండి ధరతో పాటు అదీ లెక్కలో వేసుకోండి.

మరొక సభ్యుడు, హ్యూస్టన్ నుంచి:

అన్నయ్య చెప్పినవన్నీ నిజమే. అయినా ఎక్స్‌ప్రెస్ తరఫున ఒక మాట చెప్పాలి. నాది ఫ్లోరింగ్ పని. టైల్స్ బరువు మరీ ఎక్కువ, ట్రైలర్ కూడా లాగాలి. 2021 నుంచి వస్తున్న 6.6 లీటర్ల వీ8 ఇంజను 401 హార్స్‌పవర్ ఇస్తుంది. దాన్ని విప్పడం రాని మెకానిక్ ఈ రాష్ట్రంలో ఉండడు, పార్టులు ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతాయి. సామాను వెనక తలుపు దగ్గరే దించుకుంటాను, లోపల నడవాల్సిన అవసరం నాకు రాదు. ఒక్కటే కష్టం: ఇంజను సగం క్యాబిన్‌లోకి చొచ్చుకుని ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు కాళ్లు పెట్టే చోటు తక్కువ. ఎండాకాలంలో దాని వేడి తగులుతుంది.

మళ్లీ మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు:

తమ్ముడు హ్యూస్టన్ నుంచి రాసింది సరైన మాట. ట్రైలర్ లాగేవాళ్లకు, పార్టులు దొరకని ఊళ్లో ఉండేవాళ్లకు నేనూ ఎక్స్‌ప్రెసే చెప్తాను. క్యాటరింగ్ వేరు. బండి లోపల నిలబడి గిన్నెలు సర్దుకోవాలి, మూతలు చూసుకోవాలి.

విజయవాడ తమ్ముడికి నా సలహా: రెట్టింపు పెట్టి కొత్తగా ఉన్నది కొనొద్దు, అలాగని ఆ పాత ఎక్స్‌ప్రెస్ కూడా వద్దు. నాలుగైదేళ్లు వాడిన మీడియం రూఫ్ ట్రాన్సిట్ గానీ హై రూఫ్ ప్రోమాస్టర్ గానీ పెట్రోల్ ఇంజనుతో వెతకండి. డీజిల్ జోలికి మొదటి బండితో వెళ్లకండి. పొగ శుద్ధి చేసే ఫిల్టరు, దానికి పోసే ద్రవం, వాటి సెన్సార్లు చెడితే మీలాంటి కొత్తవాళ్లు ఆ ఖర్చు తట్టుకోవడం కష్టం. కంపెనీలు అమ్మేసే తెల్ల వ్యాన్లు ఎక్కువగా దొరుకుతాయి. మైళ్లు మాత్రమే కాదు, ఇంజను ఎన్ని గంటలు నడిచిందో కూడా అడగండి. డెలివరీ బండ్లు నిలబడే గంటల తరబడి నడుస్తాయి. బండి గుర్తింపు నంబరును (విన్ అంటారు) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, అంటే ఇక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ సైట్‌లో కొడితే పెండింగ్ రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన పనులు, ఉచితంగా చూపిస్తుంది. 2015 నుంచి 2017 దాకా వచ్చిన ట్రాన్సిట్‌లలో చాలావాటికి డ్రైవ్‌షాఫ్ట్ (వెనక ఇరుసుకు తిరిగే రాడ్డు) కప్లింగ్ రీకాల్ ఉంది. ఒకవేళ అంత పాతది చూస్తే ఆ పని చేయించారో లేదో తప్పకుండా కనుక్కోండి.

కొనే ముందు ఒక పని చేయండి. ఈ ఆదివారం మధ్యాహ్నం నా బండి ఖాళీ. మీ పెద్ద గుండిగ, రెండు హాట్ బాక్సులు, కొలత టేపు తీసుకుని రండి. గుండిగలో సగం నీళ్లు పోసి మీరూ మీ ఆవిడా కలిసి నాలుగైదుసార్లు ఎక్కించి దించండి. తర్వాత బావగారు చూపించిన ఎక్స్‌ప్రెస్ దగ్గరికీ వెళ్లి అదే చేద్దాం, నేనూ వస్తాను.