నీడ్-అవేర్ కాలేజీలు (సీటిచ్చేటప్పుడు ఆర్థిక సాయం అవసరాన్నీ లెక్కలోకి తీసుకునేవి) సాయం అడిగారా లేదా అనే చూస్తాయా, ఎంత అడిగారో కూడా చూస్తాయా?

అమెరికాలో బ్యాచిలర్స్‌కి అంతర్జాతీయ విద్యార్థిగా రెగ్యులర్ డెసిషన్‌లో అప్లికేషన్. శాట్ 1530. ఇంటి నుంచి ఏటా పెట్టగలిగేది 30,000 డాలర్లు, ఖర్చేమో 85,000. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ విదేశీయులకీ నీడ్-బ్లైండే (సాయం అడిగినా సీటు విషయంలో అది చూడవు) కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు (సీటు దొరకడం గగనం, అది వేరే సంగతి). సమస్యంతా మా లిస్టులోని మిగతా ఆరు నీడ్-అవేర్ కాలేజీలతోనే.

సాయం పోను ఎంత కట్టాలో అంచనా చెప్పే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్లు వాడి చూశాం. అవి ఎక్కువగా అమెరికా కుటుంబాల లెక్కకి తయారుచేసినవి, మనకి పనికిరాలేదు. కాలేజీలు ఏటా తమ గణాంకాలు ఇచ్చే కామన్ డేటా సెట్‌లో హెచ్6 అనే భాగం తీస్తే ఎంతమంది విదేశీయులకి సాయం అందిందో, సగటు ఎంతో ఉంది. కానీ అడిగినవాళ్లెందరో లేదు, ఇక శాతం ఎలా కట్టేది? కాలేజీలకి మెయిల్ పెడితే "అన్నీ కలిపి చూస్తాం" అని ఒకే మూస జవాబు. ఇప్పుడు సాయం వద్దని టిక్ పెట్టి చేరాక అడుగుదామంటే, చాలాచోట్ల విదేశీయులకి ఆ దారే మూసేశారు.

సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో (సాయం కోసం కుటుంబ ఆర్థిక వివరాలిచ్చే ఫారం) చుట్టాల సాయం కూడా చూపించి, అవసరాన్ని 55,000 నుంచి 40,000కి దించితే ఇలాంటి కాలేజీల్లో సీటు అవకాశం నిజంగా పెరుగుతుందా?